పెట్టెలో పెనిమిటి

మొగుడు పోయి పదిహేడేళ్ళయినా మే సమ్లీని, అంటే సమ్లీ అమ్మను, విధవ అనడానికి ఆ ఊళ్ళో ఎవరికీ నోరు రాదు. ఒకసారి చేపలమ్ముకునే ఆవిడెవరో తెలియక అనేసింది. సమ్లీ చేతిలో చేట కింద పెట్టి లేచింది. "ఎవరన్నరే నా పెనిమిటి సచ్చిండని? యూనివర్సిటీల కొలువు జేస్తుండు. నాలుగో అంతస్తుల, ఏసీల ఉంటడు. మీ మొగుళ్ళల్ల ఒక్కనికన్న దొరికిందా గసొంటి కొలువు?" చుట్టూ ఉన్న ఆడవాళ్ళు కడుపు పట్టుకుని నవ్వి, ఆమెకు 'పెట్టెలో పెనిమిటి' అని పేరు పెట్టారు. ఆ పేరుకు ఆమె నొచ్చుకోలేదు సరికదా, ఏటా మే నెలలో ఒకరోజు కొత్త పట్టు లుంగీ కట్టుకుని, బస్సెక్కి, ఆ పెట్టెను చూడటానికి పట్నం వెళ్ళేది.

పెట్టె నిజంగానే ఉంది. బాంకాక్‌కు ఈశాన్యంగా, చీ నది ఒడ్డున ఉన్న ఆ పట్నంలో, వైద్య కళాశాల నాలుగో అంతస్తులో, మనిషి ఒంటి వేడికి పిసరంత అటూ ఇటూ కాకుండా వెచ్చగా ఉండే పెట్టె అది. సీలా అనే రైతు కాలేయంలోంచి కోసి తీసిన కణితి కణాలు అందులో చిన్న చిన్న గిన్నెల్లో పెరుగుతుండేవి. మనిషి పోయినా, మేత వేసినన్నాళ్ళూ కణాలు ఒకటి రెండుగా, రెండు నాలుగుగా చీలుతూనే ఉంటాయి. వాటికి 'సీలా-1' అని పేరు. బతికుండగా జిల్లా దాటని ఆ మనిషి, చచ్చాక మంచు డబ్బాల్లో ఎనిమిది దేశాలు తిరిగాడు.

ఆ కణాలను పెంచింది ఆచాన్ పికున్. పంతులమ్మ అన్నమాట. వయసు యాభై ఒకటి, పెళ్ళి లేదు. కణాలకు ఆదివారం లేదు, పండగ లేదు, రెండు రోజులకోసారి మేత మార్చకపోతే చచ్చి ఊరుకుంటాయి. అలాంటి సంసారం నెత్తినేసుకున్న మనిషికి ఇంకో సంసారం చేసే తీరిక ఎక్కడిది? ఆ దేశంలో కోత నేర్చుకోవడానికి దొరికిన శవాన్ని గురువుగారంటారు, చచ్చిన ఎలుకలకు కూడా ఏడాదికోసారి పుణ్యం చేస్తారు. అలాంటిచోట సీలాకు చేయకుండా ఉంటారా? ఏటా ఆయన పోయిన రోజున భిక్షువులను పిలిచి, భోజనం పెట్టి, ఆ పుణ్యం ఆయనకు చేరాలని నీళ్ళు వదిలేవారు. దానికి ముందు సమ్లీ నాలుగో అంతస్తుకు వచ్చి, చేతులు కడుక్కుని, మైక్రోస్కోపు ముందు కూర్చుని మొగుడితో కాసేపు మాట్లాడేది.

ఈ ఏడు ఆ రోజు ఇంకా నెల ఉందనగా, పికున్ దగ్గర పరిశోధన చేసే నలిన్ ఒక కాగితం పట్టుకుని గదిలోకి వచ్చింది. బాంకాక్ పిల్ల, నాలుగేళ్ళుగా సీలా కణాల మీదే పనిచేస్తోంది.

"ఆచాన్, ఒకసారి కూర్చోండి."

"కూర్చునే ఉన్నాను కదే."

"అయితే లేవకండి," అంది నలిన్.

విదేశీ పత్రిక ఒకటి నలిన్ రాసిన వ్యాసం అచ్చు వేయడానికి, ఆ కణాలు ఎవరివో నిరూపించే పరీక్ష చేయించమంది. పదిహేడేళ్ళలో ఎవరూ అడగని ప్రశ్న. తండ్రి పేరు అడిగినట్టుంది అని మొదట్లో ఇద్దరూ నవ్వుకున్నారు కూడా. ఆ పరీక్ష ఫలితమే ఈ కాగితం. అందులో ఉన్నది ఒక్కటే సంగతి: గిన్నెలో ఉన్నవి మగవాడి కణాలు కావు.

"కాన్సర్ కణాలు మగ క్రోమోజోమ్‌ను పారేసుకోవడం మామూలేగా," అంది పికున్. మునిగేవాడికి గడ్డిపోచ దొరికినా చాలు.

"నేనూ అదే అనుకున్నా ఆచాన్. కానీ పదహారు జన్యు గుర్తులు చూశారు. పదహారుకు పదహారూ..." నలిన్ కాగితం మీద చివరి వరుస చూపించింది. "మన పాత కణాలున్నాయి చూడండి, ఆ విదేశీ ఆవిడవి. అచ్చంగా వాటితో సరిపోయాయి."

పికున్ కాగితం బల్ల మీద బోర్లించి పెట్టింది. ఆ పాత కణాలు ఆమె చదువుకునే రోజుల నుంచీ ఆ ల్యాబ్‌లో ఉన్నాయి. రాయి మీద వేసినా పెరిగే మొండి కణాలు. వాటిని సీలా పక్కనే పెట్టి పెంచింది తనే. ఇంకెవరి మీదా తోయడానికి లేదు.

పాత నోటుపుస్తకాలు అటక మీద నుంచి దించి చూసేసరికి ఆ తప్పు ఏ రోజు జరిగిందో కూడా దొరికింది. దొరక్కపోతే బాగుండేది.

సీలా ఆమె దగ్గరికి వచ్చేనాటికి పికున్‌కు ముప్పై నాలుగేళ్ళు. ఆ నది పొడవునా మగవాళ్ళు పచ్చి చేపను సన్నగా తరిగి, నిమ్మరసమూ కారమూ కలిపి, వేడి వేడి జిగురన్నంతో లాగిస్తారు. ఆ చేపలో ఉండే పురుగు కాలేయంలో చేరి కాపురం పెట్టి, పాతికేళ్ళకో ముప్పై ఏళ్ళకో కాన్సర్‌ను పిలుచుకొస్తుంది. ఊరూరా గోడల మీద బొమ్మలు వేసి చెప్పినా వినేవాడు లేడు. పికున్ తండ్రి ఆ జబ్బుతోనే పోయాడు. వరి పొలంలో నాట్లు వేసిన పిల్ల పుస్తకాలు పట్టుకుని ఇంతదూరం వచ్చింది అందుకే. మందు కనిపెట్టాలంటే ముందు ఆ కణాలు గిన్నెలో బతకాలి. ఇరవై రెండు మంది రోగుల ముక్కలు తెచ్చి పెంచింది, ఇరవై రెండూ చచ్చాయి. ఇంకో రెండు నెలల్లో ఆమె ఉద్యోగపు గడువు అయిపోతుందనగా ఇరవై మూడోవాడుగా సీలా వచ్చాడు.

ఆపరేషన్‌కు ముందు కాగితం మీద వేలిముద్ర వేస్తూ ఆయన నవ్వాడు. "నేను పొలంల ఏమేసినా మొలిచేది డాక్టరమ్మా. నన్ను ఏసి చూడు. మొలవకపోతే అప్పుడడుగు."

మొలిచాడు కూడా. మార్చిలో నాలుగోసారి కొత్త గిన్నెల్లోకి మార్చి నాలుగో తరం దాకా వచ్చాక, అలవాటు ప్రకారం రెండు సీసాలు నైట్రోజన్ పీపాలో గడ్డకట్టించి దాచింది. ఆ తర్వాతే గిన్నెలో కణాలు వాడిపోవడం మొదలైంది. ఏప్రిల్ కొత్త సంవత్సరం వచ్చేసరికి ఒక్క గిన్నె మిగిలింది. ఊరంతా వీధుల్లో ఒకరి మీద ఒకరు నీళ్ళు చల్లుకుంటుంటే, ఆమె ఒక్కతే ఆ గిన్నె ముందు కూర్చుని ఉంది.

నీరసించిన కణాలకు ఒక నాటు వైద్యం ఉంది. బలమైన కణాలు తిని వదిలేసిన మేత నీళ్ళలో ఇంకా సత్తువ ఉంటుంది, దాన్ని వీటికి పోస్తారు. ల్యాబ్‌లో వాటిని ఎంగిలి నీళ్ళంటారు. అయితే పోసేముందు సన్నటి జల్లెడలో వడకట్టి తీరాలి, లేకపోతే అందులో తేలే కణాలు కూడా వచ్చేస్తాయి. ఆ రోజు జల్లెడలు అయిపోయాయి. పండగకు అయిదు రోజులు కొట్లు మూత. అయిదు రోజులు సీలా ఆగడు. పికున్ ఆ నీళ్ళను గిర్రున తిప్పే యంత్రంలో పెట్టి, అడుగున మడ్డి పేరుకున్నాక పైన తేరినవి తీసి పోసింది. ఇంట్లో అమ్మ పటిక వేసి తేర్చిన చెరువు నీళ్ళు తాగే కదా ఆమె పెరిగింది. పైతేట మంచిదేనన్నది ఆమె చేతికి చిన్నప్పటి నుంచీ ఉన్న నమ్మకం.

రెండు వారాలకు గిన్నె నిండా గుంపులు గుంపులుగా కణాలు. ఆ రోజు ఆమె ఏడ్చిన ఏడుపు, తండ్రి పోయినప్పుడు కూడా ఏడవలేదు. పైతేటలో ఆ పాత కణాలు ఒకటో రెండో మిగిలి ఉంటాయి, అంతే. కాకి గూట్లో కోయిల పిల్ల పెరిగినట్టు పెరిగాయి. మే నెలలో సీలా పోయాడు. దహనం దగ్గర పికున్ సమ్లీ చేతులు పట్టుకుని, "ఆయన పూర్తిగ పోలేదు మే. నా దగ్గర పెరుగుతున్నడు," అని చెప్పింది. అబద్ధమని తెలిసి చెప్పింది కాదు. ఆ మాటతో సమ్లీ ఏడుపు ఆగిన మాట మాత్రం నిజం.

ముప్పై ఒక్క వ్యాసాలు, ఏడుగురు విద్యార్థుల పట్టాలు, బాంకాక్ చేరిన ప్రొఫెసర్ పదవి దరఖాస్తు, అన్నీ ఆ గిన్నెలోంచి వచ్చినవే. వారం రోజులు పికున్‌కు అన్నం సయించలేదు. ఎనిమిదో రోజు లేచి, దాచిన రెండు సీసాల్లో ఒకటి తీయించింది. అందులో కణాలు పెరగలేదుగానీ పరీక్షకు పనికొచ్చాయి. మగవాడివే. ఆసుపత్రి బీరువాలో మైనంలో దాచిన సీలా కణితి ముక్కతో సరిపోయాయి. అంటే ప్రాణమున్న అసలు సీలా ఇప్పుడు ఈ లోకంలో ఒక్క సీసాడు మిగిలాడు.

పత్రికలన్నిటికీ ఉత్తరాలు రాసింది, నా వ్యాసాలు వెనక్కి తీసుకుంటున్నాను అని. ప్రొఫెసర్ దరఖాస్తు తనే ఉపసంహరించుకుంది. ఆమె గురువు ఆచాన్ థావిన్, రిటైరై పళ్ళతోట పెట్టుకున్న పెద్దాయన, ఆ కబురు విని ఫోన్ చేశాడు.

"పత్రికలకు రాశావా? మంచిది. రాయాల్సిందే. ఇక ఆ ముసలమ్మకు చెప్పి ఒళ్ళో నిప్పులు పోసుకోకు."

"చెప్పొద్దంటారా ఆచాన్?"

"ఆమెకు నీ వ్యాసాలతో పనేంటమ్మా? ఆమె మొగుణ్ణి చూసుకుంటోంది. చూసుకోనీ. నీ మనసు తేలిక చేసుకోవడానికి ఆమె మనసు బరువు చేస్తావా?"

పికున్ ఫోన్ పెట్టేసింది.

నలిన్ ఇంకోలా ఆలోచించింది. ఇప్పుడు కొత్త పద్ధతులున్నాయి, జిగురులాంటి మెత్తటి పరుపు మీద కణాలను పెంచుతున్నారు. ఆ ఆఖరి సీసాను అలా పెంచితే పదింట రెండు పాళ్ళు బతకొచ్చు. "ఈ ఒక్క ఏడాది ఊరుకోండి ఆచాన్. మే సమ్లీ వచ్చి వెళ్ళిన మర్నాడే మొదలుపెడదాం. పెరిగితే వచ్చే ఏడు ఆవిడకు నిజం సీలానే చూపిస్తాం. మీ పని మళ్ళీ నిలబడుతుంది, నా చదువూ నిలబడుతుంది. ఎవరికీ ఏ నష్టం లేదు."

పికున్ ఆ పిల్ల చేతుల వైపు చూసింది. మంచి చేతులు, వణకవు. నాలుగేళ్ళు ఆ చేతులకు తను నేర్పిందంతా ఒక పరాయి కణానికి మేత వేయడమే. "సరే," అంది. "ఈ ఏడు ఏమీ చెప్పను."

ఆ రోజు రానే వచ్చింది. కింద హాల్లో భిక్షువులు ఐదుగురు చాపల మీద కూర్చున్నారు. పన్నెండు దాటితే వాళ్ళు ముద్ద ముట్టరు కాబట్టి వంటవాళ్ళు హడావిడి పడుతున్నారు. సమ్లీ పదింటికి నాలుగో అంతస్తుకు వచ్చింది. లిఫ్టు ఉన్నా ఆయాసం. డెబ్బై నాలుగేళ్ళు, మనిషి సగమైపోయింది.

"ఏం బిడ్డా, గట్ల గుంజుకపోయినవ్? తింటలేవా?" అంటూ పికున్ గడ్డం పట్టుకుంది.

"పని ఎక్కువైంది మే." సమ్లీ ముందు పికున్ నోట తన ఊరి మాట దానంతటదే వచ్చేది.

"పని పని. పెండ్లి జేసుకోమంటె ఇనకపోతివి. నా మొగుణ్ణి సాదుకుంట కూసున్నవ్." సమ్లీ పకపకా నవ్వి, చేతులు కడుక్కుని, మైక్రోస్కోపు ముందు సర్దుకుని కూర్చుంది. నలిన్ గిన్నె తెచ్చి పెట్టింది. ముసలమ్మ ఒక కన్ను మూసి, ఇంకో కన్ను అద్దానికి ఆనించింది.

"ఆఁ, మంచిగనే ఉన్నవ్. నిగనిగలాడుతున్నవ్. నన్ను జూడు ముసలోడా, మోకాళ్ళు రెండూ పోయినయ్. చిన్నోడు ట్రాక్టర్ కొన్నడు. పచ్చి చేప తినకురా అంటె నీ లెక్కనే ఇకిలిస్తడు. వానలు ఇంక పడలే. ఎర్ర బర్రె ఈనింది, ఆడదే. ఇంకేమన్న ఉన్నదా చెప్పనీకి..." ఆమె ఆలోచించింది. "ఆఁ, ఇగ నీకు తోడు వస్తున్న. ఆచాన్‌కు చెప్త ఉండు."

సమ్లీ ఇటు తిరిగింది.

"ఒకటడుగుత బిడ్డా, కాదనకు. ఇగ నేను ఎన్నో రోజులుండ. నేను పోయినంక నాదిగూడ ఒక ముక్క కోసి ఆయన పక్కన పెట్టు. వేరే గిన్నె ఒద్దు, ఒకటే గిన్నెల పెట్టు. పదిహేడేండ్లు ఒక్కడే పండిండు. పెద్దోనికి చెప్పిన, సంతకం పెడతనన్నడు."

నలిన్ పికున్ వైపు చూసి, నిజం చెప్పొద్దన్నట్టు తల కొంచెం ఊపింది. 'సరే మే' అంటే సరిపోయేది. రెండే మాటలు. ఆ రెండూ పికున్ అనలేదు. ఈ ముసలమ్మ తన శవాన్ని తెచ్చి ఒక పరాయి మనిషి పక్కన పడుకోబెట్టమంటోంది, తను తలూపితే అలాగే పడుకుంటుంది.

"మే," అంది పికున్. కుర్చీలోంచి దిగి ఆమె కాళ్ళ దగ్గర నేల మీద కూర్చుంది. "అది ఆయన గాదు."

"ఏంది?"

"గిన్నెల ఉన్నది ఆయన గాదు మే. వేరే మనిషి. ఎవరో పరాయి దేశపామె."

సమ్లీ ముందు నవ్వబోయింది. పికున్ ముఖం చూసి ఆగిపోయింది. పికున్ మొదటి నుంచీ చెప్పింది, వాడిపోయిన గిన్నె, ఎంగిలి నీళ్ళు, లేని జల్లెడ, పైతేట, అన్నీ. తన తప్పును తగ్గించే మాట ఒక్కటి కూడా చేర్చలేదు. చెబుతుంటే ఏడుపు వస్తోంది, ఏడ్చే హక్కు తనకు లేదని మింగుకుంటూ చెప్పింది. నలిన్ గోడకు ఆనుకుని నిలబడిపోయింది.

సమ్లీ మైక్రోస్కోపు దగ్గర నుంచి కుర్చీ వెనక్కి జరుపుకుంది. తర్వాత గిన్నె వైపు వేలు చూపించింది. "గామె పేరేంది?"

"తెల్వదు మే. ఏడ రాయలేదు. నలభై ఏండ్ల కింద తీసిండ్రు."

"పేరు గూడ తెల్వని ఆడిదానికి పదిహేడేండ్లు నా సంసారమంత చెప్పుకున్ననా?" ఆమె మాట నవ్వులా మొదలై నవ్వులా ముగియలేదు. "కోడలి మీద కోపమొస్తె చెప్పిన. చిన్నోడు తాగొచ్చి కొడితె చెప్పిన. ఇంట్ల ఎవ్వరికీ చెప్పనియి చెప్పిన."

పికున్ తల వంచుకుంది.

"నావోడు ఎన్నడు పోయిండు? గిన్నెల?"

"కొత్త సంవత్సరం పండగ దినాలల్ల. ఆ వారంల."

సమ్లీ వేళ్ళు మడిచి లెక్క చూసుకుంది. "అప్పటికి ఆయన ఇంట్ల బతికే ఉండె. మంచంల ఉండె. నేను ఆయన చేతుల మీద పన్నీరు పోసి దండం పెట్టిన. ఆయన ఇక్కడ ముందుగాల పోయి, అక్కడ ఎనుక పోయిండన్నట్టు." కాస్త ఆగి అడిగింది. "ఏడ పారేసినవ్?"

దీనికంటే ఆ పెద్దమ్మ చెప్పు తీసుకుని కొట్టినా బాగుండేదనిపించింది పికున్‌కు. "గిన్నె కడిగినప్పుడు... మందు నీళ్ళు కలిపి మోరిల పోసిన మే. తెల్వక పోసిన."

సమ్లీ కళ్ళు మూసుకుంది. కింద నుంచి పళ్ళేలు సర్దుతున్న చప్పుడు వినబడుతోంది. కళ్ళు తెరవకుండానే అడిగింది, "ఇంకేమన్న మిగిలిండా?"

నలిన్ రెండు చేతులూ జోడించింది, సమ్లీకి కాదు, పికున్‌కు. ఏమీ లేదు అని ఒక్క మాట అంటే ఆ సీసా దక్కుతుంది. పదింట రెండు పాళ్ళు. పదిహేడేళ్ళ పరువు, ఈ పిల్ల బతుకు, ఎక్కడో పచ్చి చేప తింటున్న ఎవరికో రేపు ఒక మందు. పికున్ ఇవన్నీ ఒక్క క్షణంలో ఆలోచించింది. ఆలోచించలేదని చెబితే అబద్ధం.

"ఒక్క సీసా ఉన్నది మే. నిజంగ ఆయననే. మంచుల ఉన్నడు."

"ఇచ్చెయ్."

"మే, ఒక్కసారి పెంచి చూస్తం. కొత్త పద్ధతులొచ్చినయ్. పెరిగితే ఎంతోమందికి మందు..."

"పదిహేడేండ్లు పెంచి చూసినవ్ గద బిడ్డా," అంది సమ్లీ. ఆ మాటలో కోపం లేదు. అందుకే పికున్ తట్టుకోలేకపోయింది. "ఆయన వేలిముద్ర ఏసిన దినం కాయితం నువ్వే చదివి ఇనిపించినవ్. ఎప్పుడు ఒద్దంటె గప్పుడు ఎనక్కి ఇస్తమని రాసున్నదంటివి. నేను ఒద్దంటున్న. నావోణ్ణి నాకియ్యి. ఊరికి తీస్కపోయి ఆయన బూడిద, బొక్కలున్నకాడ పెడత."

నలిన్ ముందుకు వచ్చింది. "ఆచాన్, ఒక్కసారి ఆలోచించండి. నా నాలుగేళ్ళు..."

"నీ నాలుగేళ్ళు పోయాయి, నా పదిహేడేళ్ళు పోయాయి. నాకు తెలుసు తల్లీ," అంది పికున్. "కానీ ఆయన మనవాడు కాదు."

పికున్ లేచి, మందపాటి చేతి తొడుగులు వేసుకుని, పీపా మూత తీసింది. తెల్లటి పొగ గుప్పున లేచి నేల మీద పాకింది. చిటికెన వేలంత సీసా, పైన తన పాత చేతిరాత, నాలుగో తరం అని. చర్మానికి తగిలితే కాలిపోయేంత చల్లదనం. కాసేపు మంచు పెట్టెలో ఉంచి, సమ్లీ నడుముకు చుట్టుకొచ్చిన గళ్ళ తువ్వాలు నాలుగు మడతలు పెట్టించి, అందులో పెట్టి ఇచ్చింది.

"ఊరిదాక మంచు డబ్బాల పంపిస్త మే. చేతిల పట్టుకోకు, కరిగిపోతడు."

"కరగనీ," అంది సమ్లీ. తువ్వాలు మడతను రెండు అరచేతుల మధ్య పెట్టుకుంది. "గింత సలిల పదిహేడేండ్లు పండిండు."

నలిన్ ఎందుకు చేసిందో ఆ పిల్లకే తెలియాలి, వెనకాల మేత సీసా వెచ్చబెట్టి, కణాలకు మేత మార్చే గాజు గూడు మీట నొక్కి ఉంచింది. దాని గాలి పంకా రొద చేస్తోంది. ఆశ చావనిది.

ఐదారు నిమిషాలకు సమ్లీ మడత విప్పి చూసింది. సీసాలో మంచు అంచుల నుంచి కరిగి, మధ్యలో బియ్యపు గింజంత తెల్లగా మిగిలి, అదీ పోయింది. ఎర్రటి నీళ్ళ అడుగున సన్నటి మసక. ఆమె తువ్వాలు పక్కన పెట్టి సీసాను ఉత్త పిడికిట్లోకి తీసుకుంది.

"ఎచ్చగైండు," అంది. "ఇప్పుడు బతికున్నడా బిడ్డా?"

"ఉన్నడు మే. కొన్ని కణాలన్న బతికుంటయ్."

"ఎంతసేపుంటడు?"

మంచులో కణాలను కాపాడే మందే కరిగాక వాటికి విషమవుతుంది. అంతలోగా తీసి కడిగి మేతలో వేస్తే బతుకుతాయి, లేకపోతే లేదు. విద్యార్థులకు మొదటి రోజు నేర్పే పాఠం అది. "పది నిమిషాలు," అంది పికున్.

సమ్లీ కుర్చీని గోడవైపు తిప్పుకుంది. పిడికిలి పెదాలకు ఆనించుకుని చిన్న గొంతుతో మాట్లాడటం మొదలుపెట్టింది. ఏం చెబుతోందో పికున్‌కు సగం వినబడింది, సగం వినబడలేదు. వినకూడదని దూరంగా జరిగింది. గోడ గడియారంలో ముల్లు తిరుగుతోంది. మూడో నిమిషంలో ఆమె చేతులు వాటంతటవే ముందుకు కదిలాయి, ఇన్నేళ్ళ అలవాటు. రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చుంది. ఇప్పటికీ అందుకోవచ్చు. ఐదో నిమిషానికీ అందుకోవచ్చు. ఏడో నిమిషంలో కింద నుంచి ఎవరో వచ్చి, భిక్షువులు ఎదురు చూస్తున్నారు అని తలుపు దగ్గర గుసగుసగా చెప్పారు. పికున్ ఉండమన్నట్టు చేయి ఎత్తింది. నలిన్ గాజు గూడు మీట ఆపేసింది. పంకా రొద ఆగిపోయేసరికి ముసలమ్మ గొంతు ఒక్కటే గదిలో మిగిలింది.

పది అయింది. పదకొండు అయింది. సమ్లీ ఇంకా మాట్లాడుతూనే ఉంది, మధ్యమధ్య ఆగి, జవాబు వింటున్నట్టు తలూపుతూ. అన్నీ చెప్పిన పికున్, గడువు దాటిందన్న ఆ ఒక్కటి మాత్రం ఆమెకు చెప్పలేదు.